బొమ్మిడాయి, మలుగుపాము, నీటి దారి

బొమ్మిడాయిని పట్టుకోవడం అలవాటున్న చేతికే చేతనవుతుంది. ఒళ్లంతా జిగురు. పట్టు బిగించేకొద్దీ వెనక్కి జారుతుంది, జారుతూ వీపు మీది సన్నని ముళ్లు లేపి వేలును గీరుతుంది. మూతి కొస చిన్న తొండంలా సాగి ఉంటుంది, రాత్రిపూట బురదలో పురుగూ పుట్రా వెతుక్కోవడానికి. వంటింటికి వచ్చాక బూడిద, రాళ్లుప్పు వేసి బండ మీద రుద్దితే గానీ ఆ జిగురు వదలదు. అంత శ్రమ పడి చింతపండు పులుసులో ఉడికించి, ఇష్టంగా తినే చేప ఇది. అయినా చూడగానే పాము గుర్తొచ్చి పళ్లెం పక్కకు నెట్టేవాళ్లూ మనలో ఉన్నారు. ఇలాంటి చేపను ఏ జనం ఎంత ఇష్టపడ్డారు, ఎంత అసహ్యించుకున్నారు అన్నది దాని బతుకును తేల్చలేదనీ, నీటికి దారి ఉంచారా లేదా అన్నదే తేల్చిందనీ ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నాను.

ముందుగా ఒక తేడా చెప్పాలి. ఆకారం ఎలా ఉన్నా బొమ్మిడాయి ఈల్ అనే పాము ఆకారపు చేపల జాతిది కాదు. పుట్టుక, పెరుగుదల, చావు అన్నీ మంచినీళ్లలోనే. మన నదుల అసలు ఈల్ మలుగుపాము. అది ఏళ్ల తరబడి నదుల్లో, వాగుల్లో పెరిగి, చివరికి గుడ్లు పెట్టడానికి సముద్రానికి దిగిపోతుంది. గోదావరి పులస చేసేది సరిగ్గా దీనికి తలకిందులు: సముద్రంలో పెరిగి, గుడ్లకోసం నదిలోకి ఎక్కుతుంది. మలుగు జాతి గుడ్లను నదిలో ఎవరూ చూడలేదు గనుకనే అరిస్టాటిల్ ఈల్ బురదలోంచి పుడుతుందన్నాడు. తర్వాత మనోవిశ్లేషణతో పేరుపొందిన ఫ్రాయిడ్ 1876లో కుర్రవాడిగా ట్రీస్టేలో 400 దాకా ఈల్ చేపలను కోసి వృషణాల కోసం వెతికి, తేల్చి చెప్పలేకపోయాడు. డెన్మార్క్ శాస్త్రవేత్త యోహానెస్ ష్మిట్ 1904 నుంచి దాదాపు 20 ఏళ్లు సముద్రంలో వలలు లాగి, యూరప్ ఈల్ పిల్లలు అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రంలో పుడతాయని నిర్ణయించాడు. జపాన్ ఈల్ గుడ్లు పసిఫిక్‌లో మరియానా దీవుల దగ్గర దొరికింది 2009లోనే.

ఇష్టం ఒక్కటే కాపాడగలిగితే జపాన్‌లో ఈల్‌కు లోటు ఉండకూడదు. ఎండాకాలంలో ఒక ప్రత్యేకమైన రోజు పెట్టుకుని మరీ నిప్పుల మీద కాల్చి తింటారక్కడ. అయినా 2014లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జపాన్ ఈల్‌ను ఆపదలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. పెంపకం ఉంది కదా అనవచ్చు. ఆ చెరువుల్లో పెంచేవి కూడా దాదాపు అన్నీ నదీ ముఖాల దగ్గర పట్టిన, సహజంగా పుట్టిన పిల్లలే. ఇంగ్లండులో 1086 నాటి డూమ్స్‌డే అనే భూముల లెక్కల్లో మరలు శిస్తును ఈల్ చేపల్లో కట్టినట్టు ఉంది. ఆ యూరప్‌లోనే 1980ల నుంచి నదుల్లోకి వచ్చే పిల్లలు ఘోరంగా తగ్గిపోయాయి. అందుకే 2007లో యూరోపియన్ యూనియన్ చేసిన నిబంధన వేటతోనే ఆగలేదు. మనిషి జోక్యం లేకుంటే సముద్రానికి ఎంత ఈల్ చేరేదో, అందులో కనీసం 40 శాతమైనా చేరాలంది. ఆస్ట్రేలియాలోని బుజ్ బిమ్ దగ్గర గుండిజ్‌మారా ప్రజలు లావా రాళ్లలో కాలువలు తొలిచి, మడుగులు కట్టి, అల్లిన బుట్టలతో ఈల్ పట్టేవారు. ఆ కట్టడం 6,600 ఏళ్ల నాటిది. 2019లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. తిండి కోసం కట్టిందే అయినా, దాని నిండా ఉన్నది నీటి నడక మీద లెక్క.

మన దగ్గర ఆ లెక్క తెలిసినవాళ్లు కాకతీయులు. పాకాల, రామప్ప, లక్నవరం, వాటి కింద గొలుసుకట్టుగా ఊళ్ల చెరువులు. పైచెరువు మత్తడి దుంకిన నీళ్లు కిందిచెరువుకు చేరేవి. వరికోసం కట్టారు గానీ, వానాకాలం ఎదురెక్కే చేపలకూ అదే బాట అయింది. బొమ్మిడాయి సముద్రానికి పోదు కదా, దానికి దారితో పనేముంది అని అడగవచ్చు. తొలి వానలకు కొత్తనీళ్లు పారే లోతులేని చోట్లకు, కాలువలకు చేరి గుడ్లు పెడుతుంది. పగలు రాళ్ల సందున, నాచులో, మెత్తని అడుగులో దాక్కుంటుంది. కాలువ పూడి, శిఖం భూమి ఆక్రమణలో పోతే చెరువు నిండినా దానికి చోటుండదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడికతీతతో నీళ్లు ఎక్కువ రోజులు నిలవడం చేపకు మేలే. అయితే అంచుల్లోని రాళ్లు, గడ్డి కొంత మిగల్చకుండా అద్దంలా చదును చేస్తే బొమ్మిడాయికి ఇల్లు పోయినట్టే.

ఈ మాటకు గట్టి అభ్యంతరం మత్స్య సొసైటీల వైపునుంచి వస్తుంది. ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలకు పూట గడిచేది రోహు, బొచ్చె, మ్రిగాలతో. పిడికెడు బొమ్మిడాయిలతో కాదు. ఇది నిజం, దీన్ని తేలిగ్గా తీసేయకూడదు. 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా వదులుతున్న పిల్లలతో బరువు లెక్కన పంట వస్తుంది. కానీ ఆ మూడు రకాలూ నిలవ నీటిలో గుడ్లు పెట్టవు; ఏటేటా హేచరీనుంచి పిల్లలు రావాలి, ఆలస్యమైతే ఆ ఏడు దెబ్బ. బొమ్మిడాయికి ఎవరూ పిల్లలు కొనివ్వనక్కర్లేదు, కిలో ధరా బొచ్చె కంటే ఎక్కువే పలుకుతుంది. ఒకటి మాని ఇంకొకటి పట్టమనడం లేదు. వదిలిన పిల్లలనే లెక్కపెట్టి, తనంతట తాను పెరిగే చేపను లెక్కలో రాయకపోవడమే నా ఫిర్యాదు.

మలుగు విషయం ఇంత సులువు కాదు. పాకాల నీళ్లు మున్నేరై ఖమ్మం మీదుగా కృష్ణలో కలుస్తాయి, అక్కడినుంచి సముద్రానికి మధ్య ప్రకాశం బ్యారేజీ ఉంది. లక్నవరం నీళ్లు చేరే గోదావరి మీద 1852 నాటికే కాటన్ ఆనకట్ట పూర్తయింది. ఆనకట్టలు తీసేయమని ఎవరూ అనరు, వరంగల్ రైతు అసలే అనడు. అయితే పుల్లంత మలుగు పిల్ల తడిగా, గరుకుగా ఉన్న వాలు మీద పాకి ఎక్కగలదు. న్యూజిలాండ్‌లో డ్యాముల దగ్గర సన్నని నీటిధారతో అలాంటి వాలులు పెట్టారు. ఎక్కలేని చోట పిల్లలను పట్టి, వాహనాల్లో డ్యాము పైకి చేరుస్తున్నారు. తిరుగు ప్రయాణం మాత్రం కష్టం. పెద్దదైన చేప టర్బైన్లలో పడి ముక్కలవుతుంది, దానికి చవక ఉపాయం అక్కడా దొరకలేదు. మన వాగుల మీద కొత్తగా కట్టే చెక్ డ్యాముల్లో టర్బైన్లు ఉండవు గనుక పని అక్కడ మొదలుపెట్టవచ్చు. ఒక పక్క గరుకు రాళ్ల వాలు, దాని మీద వానాకాలమంతా కొద్దిపాటి నీరు ఉండేలా ఎస్టిమేటులో రాయమని ఊరి మత్స్య సొసైటీలే ఇంజనీర్లను అడగాలి.