చికిత్సకూ వీలునామా: వైద్య పట్టభద్రులకు స్నాతకోత్సవ ప్రసంగం

కోలుకునే ఆశ లేక, నోట మాట రాని స్థితిలో తనకు ఏ చికిత్స వద్దో మనిషి ముందుగానే రాసిపెట్టుకునే పత్రం లివింగ్ విల్. ఆస్తి వీలునామా మరణం తర్వాత అమలవుతుంది. ఇది ప్రాణం ఉండగానే అమలు కావాలి. అందుకే దీన్ని వారసుల కంటే ముందు చదవవలసినవారు వైద్యులు, నేడు పట్టా అందుకుంటున్న వారితో సహా.

ముంబై కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణా షాన్‌బాగ్ 1973లో జరిగిన దాడి తర్వాత 2015లో కన్నుమూసే దాకా మంచానికే పరిమితమయ్యారు. ఆమె కేసులోనే 2011లో సుప్రీంకోర్టు, హైకోర్టు అనుమతి ఉంటే ప్రాణాధార చికిత్సను ఆపవచ్చని చెప్పింది. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం, గౌరవంగా మరణించడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనంటూ లివింగ్ విల్‌ను గుర్తించింది. అయితే దానిపై మేజిస్ట్రేట్ సంతకం కూడా ఉండాలంది. అందుకోసం కోర్టు చుట్టూ తిరిగే ఓపిక ఉన్నవారికి ఆ పత్రంతో పనే ఉండదు! 2023 జనవరిలో ఆ నిబంధన తొలగింది.

ఇప్పుడు 18 ఏళ్లు నిండి, మతిస్థిమితం ఉన్నవారెవరైనా ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీతో గానీ గెజిటెడ్ అధికారితో గానీ ధ్రువీకరణ చేయించుకోవచ్చు. తమ తరఫున నిర్ణయం చెప్పేవారి పేర్లు అందులో రాయాలి. మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. అమలు వేళ చికిత్స చేస్తున్న వైద్యుడితో, కనీసం ఇద్దరు నిపుణులతో ఏర్పడిన ప్రాథమిక బోర్డు నిర్ణయాన్ని మరో బోర్డు నిర్ధారించాలి. వీలైనంతవరకు ఒక్కొక్క బోర్డు 48 గంటల్లో తేల్చాలి. ఆ తర్వాత మేజిస్ట్రేట్‌కు తెలియజేయాలి. ప్రాణం తీసే ఇంజెక్షన్‌కు మాత్రం చట్టం ఒప్పుకోదు. నొప్పి తగ్గించే వైద్యం ఆగకూడదు.

పత్రం ఉండీ అక్కరకు రాకపోవడమే అసలు బెడద. బీరువాలో బంగారంతో పాటు దాచి, ఎవరికీ చెప్పకుండానే వెంటిలేటర్ మీదికి చేరే పెద్దలుంటారు. “ఇప్పుడా మాటలెందుకు నాన్నా” అని నోరు మూయించే పిల్లలుంటారు. అమెరికా నుంచి దిగిన కొడుకు “ఖర్చెంతైనా సరే, అన్నీ చేయండి” అంటాడు. ఇక కుర్ర డాక్టర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. సోడియం ఎంతో, క్రియాటినిన్ ఎంతో గడగడా అప్పజెబుతారు. ఆ మనిషికి ఏం కావాలో అడగమంటే నోరు పెగలదు. మార్కులు లేని ప్రశ్న కదా!

ఆ ప్రశ్న రోగికి స్పృహ ఉండగానే అడగాలి, జవాబును కేసు షీటులో రాయాలి. అంతకుముందు వైద్యులు తమ లివింగ్ విల్ తాము రాసుకోవాలి. పట్టా పుచ్చుకున్నవారంతా 18 దాటినవారే గనుక, అర్హత లేదనే సాకు చెల్లదు.