ఫైలు మూస్తే పెద్దావిడ క్షేమంగా ఉన్నట్టేనా?

(క్రాంజీలో ఆదివారం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సెలవు రోజున ఇంత ఉత్తరానికి రైలెక్కి వచ్చినందుకు ధన్యవాదాలు. ఈ రోజు విషయం పెద్దలపై వేధింపులు అని చెప్పగానే ఒక మిత్రుడు "మన ఇళ్ళల్లో అలాంటివి ఉండవు కదండీ" అన్నారు. మా ఇంట్లో ఉంది. అక్కడినుంచే మొదలుపెడతాను.

మా మేనత్తకి డెబ్భై ఆరేళ్ళు. మామయ్య పోయాక ఇల్లు మా బావ పేర రాసిచ్చింది. ఆ తరవాత పింఛను పాస్‌బుక్కు ఆవిడ చేతిలోంచి పోయింది, వేళకి తిండీ పోయింది. ఊరివాళ్ళు చెబితే తెలిసి, ఇక్కడినుంచి ఫోన్లు చేసి, తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007 కింద అర్జీ పెట్టించాను. మన రాష్ట్రాల్లో ఆ ట్రిబ్యునల్ ఆర్డీవో దగ్గర ఉంటుంది. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని చట్టం. మాకు అంతకన్నా ముందే తేలింది. బావ నెలకి నాలుగు వేలు ఇస్తానని రాజీకి వచ్చాడు, ఫైలు మూశారు. రిజిస్టర్లో అది పరిష్కారమైన కేసు.

మూడో నెలనుంచి డబ్బు ఆగిపోయింది. మళ్ళీ వెళదామంటే అత్త "వద్దురా, వాడు నాతో మాట్లాడటం మానేస్తాడు" అంది. ఆవిడ ఎలా ఉందో అడగటానికి ఆ కార్యాలయం నుంచి ఎవరూ రాలేదు.

టికెట్టు మూసినంత మాత్రాన బగ్గు పోదని ఇక్కడున్న సగం మందికి తెలుసు. మేనేజరు మూసిన టికెట్ల లెక్కే అడిగితే మనం ఏం చేస్తామో కూడా తెలుసు!

హెల్ప్‌లైన్ల సంగతీ అంతే. 14567 అనే ఎల్డర్ లైన్ 2017లో హైదరాబాదులోనే మొదలై, 2021లో దేశమంతటికీ విస్తరించింది. మంచి పని. కానీ కాల్స్ పెరిగితే వేధింపులు పెరిగినట్టా, నోరు విప్పే ధైర్యం పెరిగినట్టా? ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 60 దాటినవారిలో ఆరుగురికి ఒకరు ఏడాదిలో ఏదో ఒక వేధింపుకి గురవుతున్నారు, 24 ఘటనల్లో ఒక్కటే బయటికి వస్తోంది. కాబట్టి కాల్స్ తగ్గాయంటే నాకు భయమేస్తుంది.

రాజీని నేను తప్పుపట్టను. సింగపూరులో కూడా 1995 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టాన్ని 2010లో సవరించి, ట్రిబ్యునల్ కన్నా ముందు రాజీ ప్రయత్నం జరగాలన్నారు. రాజీ నిలిచిందా అన్నదే నా ప్రశ్న.

డేవిడ్ బర్న్స్, మార్క్ లాక్స్ అనే పరిశోధకులు 2017లో ఒక పద్ధతి ప్రతిపాదించారు. బాధితులు తామేం కోరుకుంటున్నారో ముందే చెబుతారు, కొన్నాళ్ళకి అది ఎంతవరకు నెరవేరిందో కొలుస్తారు. మా అత్తకి బావ జైలుకెళ్ళటం అక్కర్లేదు. పాస్‌బుక్కు తన పెట్టెలో ఉండాలి, వేళకి అన్నం పెట్టాలి, కొడుకు మాట్లాడాలి. ఇందులో చిక్కు లేకపోలేదు. ఏళ్ళ తరబడి భయపడ్డ మనిషి చాలా తక్కువే అడుగుతుంది. అందుకని ఆవిడ కోరికతోపాటు దెబ్బలు, డబ్బు, మందుల సంగతి విడిగా చూడాలి. అదీ ఇంట్లోవాళ్ళు పక్కన లేకుండా అడగాలి.

ఇప్పుడు మన సంగతి. మన కొలమానం ఆదివారం వీడియో కాల్. "బాగానే ఉన్నాన్రా" అంటారు, మనం ఊపిరి పీల్చుకుంటాం. అటువైపు ఫోను పట్టుకున్నది ఎవరో ఎప్పుడైనా చూశారా? నేను రెండేళ్ళు చూడలేదు. పట్టుకున్నది మా బావే.

ఈ పక్కనున్న క్రాంజీ యుద్ధ స్మారకం మీద, సమాధి తెలియని 24,000 మందికి పైగా పేర్లు ఒక్కొక్కటిగా చెక్కి ఉన్నాయి. చనిపోయినవారి లెక్క అంత ఓపిగ్గా రాసినప్పుడు, బతికున్న అర్జీదారుని ఆరు నెలల తరవాత ఒకసారి పలకరించటం అసాధ్యమేమీ కాదు.

అందుకే రెండు తెలుగు ప్రభుత్వాలకీ ఒక ఉత్తరం రాశాం. ప్రతి ట్రిబ్యునల్ ఏటా చెప్పాలి: ఇచ్చిన ఉత్తర్వుల్లో ఆరు నెలల తరవాత కూడా ఎన్నిటికి డబ్బు అందుతోంది, ఎంతమందిని ఒంటరిగా కలిసి అడిగారు, 23వ సెక్షన్ కింద రద్దైన ఆస్తి బదిలీల్లో ఇల్లు నిజంగా ఎంతమంది చేతికి వచ్చింది. మొదటి ఏడాది అంకెలు సిగ్గుపడేలా ఉండొచ్చు. ఉండనివ్వండి, దాచకుండా ఉంటే చాలు.

ముసాయిదా వెనక బల్లమీద ఉంది. తప్పులుంటే దిద్ది, సంతకం పెట్టండి. సెలవు.