రాబడి పెరిగింది, కానీ ఎక్కడి నుంచి?
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పేద పిల్లల చదువుల నిధిని మున్సిపల్ బాండ్ల ఫండులో పెడితే బాగుంటుందని, దాని రాబడి ఏటా పెరుగుతోందని కొందరు సభ్యులు మాకు ఒక కాగితం తెచ్చి చూపించారు. బాండు మీద వచ్చేది వడ్డీ. కనుక సంఘం సొమ్ము అందులో పెట్టే ప్రసక్తి లేదని కార్యవర్గం తరఫున అప్పుడే చెప్పాము. అయితే ఆ కాగితం చదవడం నేర్చుకున్నాక మన లెక్కల పుస్తకమే మాకు కొత్తగా కనిపించింది. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు మనకు తెలిసిన ఊరి లెక్క చూద్దాం. హైదరాబాదులో రోడ్ల పనుల కోసం జీహెచ్ఎంసీ 2018 ఫిబ్రవరిలో 200 కోట్ల రూపాయల బాండ్లను 8.90 శాతానికి అమ్మింది. అదే ఏడాది మళ్లీ 195 కోట్లకు 9.38 శాతం, 2019లో 100 కోట్లకు 10.23 శాతం ఒప్పుకోవలసి వచ్చింది. అంటే లక్షకు ఏటా వచ్చేది 8,900 నుంచి 9,380కి, ఆపైన 10,230కి పెరిగింది. ఈ మూడు విడతలూ కొన్న ఫండు ఒకటి ఉందనుకుంటే, దాని రాబడి ఏటికేడాది పెరిగినట్టే కనిపిస్తుంది. కానీ కొత్త బాండు ఎక్కువ ఇస్తుంటే, మధ్యలో అమ్మబోయిన పాత బాండుకు పూర్తి లక్ష ఎవరిస్తారు? రాబడి పెరగడానికీ, చేతిలో ఉన్నదాని విలువ తగ్గడానికీ కారణం ఒక్కటే కావచ్చు.

ఇలాంటి ఫండ్లు అమెరికాలో ఎక్కువ. 2022లో అక్కడి కేంద్ర బ్యాంకు వడ్డీ రేటును సున్నా దరిదాపుల నుంచి 4 శాతం పైకి తీసుకుపోయింది. ఆ ఏడాది ఫండ్ల విలువ పడిపోయింది. ఆదాయం మాత్రం, పాత బాండ్ల గడువు తీరి కొత్తవి చేరినకొద్దీ నెమ్మదిగా పెరిగింది.

కనుక రాబడి పెరిగిందని ఎవరన్నా మూడు ప్రశ్నలు అడగాలి. కొత్తవారి డబ్బు చేరినందువల్ల మొత్తం పెరిగిందా, ఒక్కొక్కరి వాటాకు వచ్చేది కూడా పెరిగిందా? ఎక్కువ వడ్డీకి ఆశపడి, తీర్చలేని ఊళ్ల బాండ్లు కొన్నారా? పంచిన దానిలో అసలు కొంత కలిసి ఉందా?

మూడో ప్రశ్న దగ్గర మేము ఆగిపోయాము. నిరుడు మన సంఘం రాబడి పెరిగిందని ఇదే వేదిక మీద చెప్పి, ఉపకార వేతనాల సంఖ్య పెంచాము. తీరా చూస్తే, ఒక పెద్దాయన శాశ్వత నిధికి ఇచ్చిన విరాళాన్ని ఏడాది రాబడిలో కలిపి రాశాము. అది తీసేస్తే మన రాబడి తగ్గింది. ఎవరూ పైసా తినలేదు. తప్పు మాత్రం మాదే.

'అసలు' అనే మాట మన తెలుగులోకి అరబ్బీ నుంచే వచ్చింది. దాని అర్థం వేరు, మూలం. వక్ఫ్ పద్ధతి కూడా అదే కదా: చెట్టును నిలిపి ఉంచాలి, పండును పంచాలి. మేము తెలియక ఒక కొమ్మ నరికాము.

ఆ మొత్తాన్ని ఈ ఏడాది విరాళాల నుంచి తిరిగి శాశ్వత నిధిలో వేస్తున్నాము. మాట ఇచ్చిన ఏ బిడ్డ ఫీజూ ఆగదు; కొత్త దరఖాస్తులు మాత్రం ఈసారి తక్కువే తీసుకోగలం. ఇకపై అసలు ఒక పుటలో, రాబడి ఒక పుటలో అచ్చు వేస్తాము. చదవండి, అడగండి. మీరు అడిగితేనే ఈ అమానత్ భద్రంగా ఉంటుంది.