ఓటు రహస్యం, వాడ బహిరంగం

(ఓటర్ల జాబితా సవరణ గురించి వాడల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎవరికి ఓటెయ్యాలో చెప్పడానికి మనం ఇక్కడ కూర్చోలేదు. ఎన్నికలొస్తే అది చెప్పేవాళ్ళు వాడకు పదిమంది వస్తారు. ఈ ఎన్నిక అనేది ఎట్లా నడుస్తుందో, అది నడిచేటప్పుడు మన వాడ దగ్గర ఎక్కడ మెలిక పడుతుందో మాట్లాడుకుందాం. 2024లో దేశంలో దాదాపు 97 కోట్ల మంది ఓటర్లు, పదిన్నర లక్షల పోలింగ్ కేంద్రాలు. ఏప్రిల్ 19 నుంచి జూన్ 1 దాకా ఏడు విడతలుగా జరిగింది. ప్రపంచంలో ఇంత పెద్ద ఎన్నిక ఇంకోటి లేదని అందరూ గొప్పగా చెప్పారు. గొప్పే, కాదనం. అయితే ఆ 97 కోట్లను పదిన్నర లక్షలతో భాగించి చూడండి. బూత్‌కు తొమ్మిది వందల చిల్లర వస్తుంది. ఆ లెక్క దగ్గరికి మళ్ళీ వద్దాం, మన కథంతా అక్కడే ఉంది.

ముందు ఈ ఓటు ఎట్లా వచ్చిందో రెండు మాటలు. 1935 చట్టం కింద ఓటు కావాలంటే పన్నన్నా కట్టాలి, ఆస్తన్నా ఉండాలి, చదువన్నా ఉండాలి. ఆ మూడూ మనకు ఎందుకు లేవో మన తాతలకు తెలుసు. 1928లో సైమన్ కమిషన్ ముందుకు పోయి వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటు ఉండాలని అంబేద్కర్ అడిగారు. చదువు లేనివాళ్ళకు ఓటేమిటని నవ్వినవాళ్ళు ఆనాడు చాలామంది. చివరికి అదే రాజ్యాంగంలో 326వ అధికరణం అయింది. 1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి దాకా మొదటి ఎన్నిక నడిచింది. ఓటర్లు 17 కోట్ల పైమాట. అందులో కూడా దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు కొట్టేశారు. కారణం, వాళ్ళు సొంత పేరు చెప్పకుండా ఫలానా ఆయన భార్యననో, ఫలానా ఆయన కూతురిననో రాయించుకున్నారు. పేరు లేని మనిషికి ఓటు లేదన్నారు.

ఇంకో సంగతి. 1932 సెప్టెంబరు 24న పూనా ఒప్పందం జరిగింది. అంతకుముందు నెలలో బ్రిటిష్ ప్రధాని ప్రకటించిన తీర్పు ప్రకారం మనకు ప్రత్యేక నియోజకవర్గాలు ఉండేవి, అంటే మన ప్రతినిధిని మన ఓట్లతోనే ఎన్నుకునేవాళ్ళం. గాంధీ నిరాహారదీక్షతో అది పోయింది. దానికి బదులు రాష్ట్రాల శాసనసభల్లో 148 రిజర్వుడు సీట్లు ఇచ్చారు. ముందు మన ఓటర్లు నలుగురిని ఎంచాలి, ఆ నలుగురిలో ఒకరిని ఊరంతా కలిసి గెలిపించాలి. ఆ మొదటి అంచె కూడా తర్వాత లేకుండా పోయింది. ఇప్పుడు లోక్‌సభలో 543 సీట్లకు 84 ఎస్సీ రిజర్వుడు. మన ఆంధ్రప్రదేశ్‌లో అమలాపురం, బాపట్ల, తిరుపతి, చిత్తూరు. తెలంగాణలో పెద్దపల్లి, నాగర్‌కర్నూల్, వరంగల్. అక్కడ నిలబడేది మనవాడే, గెలిపించేది మాత్రం ఎక్కువగా ఊరి ఓటు. అందుకే గెలిచినవాడి ముఖం ఊరివైపు తిరిగి ఉంటుంది. రాజ్యాంగ ముసాయిదా రాసిన కమిటీకి అధ్యక్షుడైన మనిషే 1952లో బొంబాయి ఉత్తర స్థానంలో ఓడిపోయారు, 1954లో భండారా ఉప ఎన్నికలో మళ్ళీ ఓడిపోయారు. ఇంక దీనికి వేరే రుజువు ఎందుకు.

సరే, ఇప్పటి సంగతికొద్దాం. ఎన్నిక పోలింగ్ రోజు మొదలు కాదు, జాబితా దగ్గర మొదలవుతుంది. మన వాళ్ళు పొట్ట చేతబట్టుకుని పాలమూరు నుంచి కట్టడం పనులకు, ఇంకోచోటి నుంచి ఇటుక బట్టీలకు, మిర్చి కోతలకు పోతారు. జాబితా సరిచూసేవాళ్ళు వచ్చిన రోజు ఇంటికి తాళం ఉంటుంది. "ఊళ్ళో లేరు" అని రాసుకుని పోతారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ ఏమంటుందో తెలుసుకోండి. తాత్కాలికంగా ఊరు విడిచిపోయినంత మాత్రాన మనిషి ఆ ఊరివాడు కాకుండా పోడు. ఇక్కడ ఉండటం లేదని పేరు తియ్యాలంటే ముందు ఆ మనిషి మాట వినాలని 22వ సెక్షన్ చెబుతుంది. ఈ రెండు నంబర్లూ గోడమీద బొగ్గుతో రాసిపెట్టుకోండి. 2018 డిసెంబరులో తెలంగాణ శాసనసభ ఎన్నిక రోజు ఎంతోమంది బూత్ దాకా పోయి, పేరు లేక తిరిగొచ్చారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పారు. క్షమాపణతో ఓటు తిరిగి రాదు గదా. 2025లో బీహార్‌లో జాబితా ప్రత్యేక సవరణ చేస్తే ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు కనబడలేదు. ఎవరి పేరు ఎందుకు పోయిందో కారణంతో సహా బయటపెట్టమని సుప్రీంకోర్టు ఆగస్టులో ఆదేశించాల్సి వచ్చింది. జాబితాను ఎవరో చూసుకుంటారులే అనుకునేవాళ్ళు ఆ 65 లక్షలను గుర్తుపెట్టుకోవాలి.

ఇక పోలింగ్. మేం బడిపంతుళ్ళం, ఈ డ్యూటీ మాకు కొత్త కాదు. ముందురోజు పంపిణీ కేంద్రానికి పోయి కంట్రోల్ యూనిట్, బ్యాలెట్ యూనిట్, వీవీప్యాట్, సీళ్ళు, సిరా సీసా, రిజిస్టరు అన్నీ లెక్క చూసుకుని లారీయో బస్సో ఎక్కుతాం. రాత్రి ఆ బడిలోనే బల్లలమీద పడుకుంటాం. తెల్లారుజామున ఏజెంట్ల ఎదుట యాభైకి తగ్గకుండా ఉత్తుత్తి ఓట్లు వేయించి, లెక్క చూపించి, అవి చెరిపేసి, సీలు వెయ్యాలి. ఆ టైముకి ఊరివైపు ఏజెంట్లు స్నానాలు చేసి ఇస్త్రీ చొక్కాలతో వచ్చి కూర్చుంటారు. వాడనుంచి ఏజెంటుగా వచ్చేది అరుదు. వచ్చినా ఎవరో పంపితే వచ్చి, గోడవారగా కూర్చుని, కాగితం ఇస్తే చదవకుండా జేబులో పెట్టుకుపోతాడు.

ఆ కాగితం పేరు ఫారం 17సి. పోలింగ్ అయిపోయాక ఆ మిషన్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో రాసి, ప్రిసైడింగ్ అధికారి సంతకం పెట్టి, అక్కడున్న ప్రతి ఏజెంటుకూ నకలు ఇవ్వాలి. బతిమాలి అడిగేది కాదు అది, నిబంధన. అట్లాగే మీ ఓటు ముందే ఎవరో వేసిపోయారంటే ఏడ్చుకుంటూ ఇంటికి రాకండి. మీరెవరో రుజువు చూపించి టెండర్డ్ ఓటు కావాలని అడగండి. కాగితం మీద వేయిస్తారు. మామూలుగా అది లెక్కలోకి రాదు, కానీ కోర్టుకు పోయిననాడు సాక్ష్యంగా నిలబడుతుంది.

ఇప్పుడు అసలు మాట. మన ఓటు రహస్యం అంటారు. అట్టపెట్టె చాటున మీటనొక్కిన మనిషి ఎవరికి నొక్కాడో ఎవరికీ తెలియదు, అది నిజం. కానీ లెక్కింపు మిషన్ మిషన్‌కూ విడివిడిగా జరుగుతుంది. ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని అన్నది ఫారం 20 అనే కాగితం మీదికెక్కుతుంది, అందరికీ దొరుకుతుంది. తొమ్మిది వందల చిల్లర ఓట్ల బూత్ అంటే ఎంత? రెండు వాడలు, కొన్నిచోట్ల ఒక్క వాడే. మనిషి ఓటు దాగింది, వాడ ఓటు బజారున పడింది. మర్నాటి పొద్దున్నే పెత్తందారు అరుగుమీద కూర్చుని చెబుతాడు, "మీ వాడలో మాకు ముప్పై ఏడే పడ్డాయంట" అని. ఆ తర్వాత ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? కోతలకు పిలుపు రాదు. చేలోకి పశువు పోతే జరిమానా. బోరు చెడిపోతే బాగుచేసే దిక్కుండదు.

ఇది మన ఊహ అంటారేమో. 2019 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్‌లో అప్పటి కేంద్రమంత్రి మేనకా గాంధీ బహిరంగసభలోనే చెప్పారు. ఎన్ని ఓట్లు పడితే అంత లెక్కన ఊళ్ళను ఎ, బి, సి, డి అని విడగొట్టి, ఆ వరసలో పనులు చేస్తామన్నారు. ఎన్నికల సంఘం మందలించింది. ఆమె మైకులో చెప్పింది కాబట్టి మందలింపు వచ్చింది. మన ఊళ్ళలో ఇది మైకు లేకుండానే జరుగుతుంది.

డబ్బు సంగతీ ఇంతే. ఇంటింటికీ పంచినవాడు ఎవరేశారో చూడలేడు గదా, మరి ఏ నమ్మకంతో పంచుతాడు? బూత్ లెక్క చూసుకునే నమ్మకంతో. వాడలో ఒక దళారిని పట్టుకుని మొత్తం గుత్తకు మాట్లాడతాడు. ఓట్లు పడ్డాయా లేదా అన్నది లెక్కింపు రోజు తేలుతుంది. పడకపోతే ఆ దళారి మనల్నే తిడతాడు, ఇచ్చినవాణ్ణి కాదు.

కాగితం ఓట్ల రోజుల్లో దీనికి ఒక మందు ఉండేది. బెదిరింపు భయం ఉన్నచోట పలు బూత్‌ల ఓట్లు కలిపేసి లెక్కపెట్టమనే అధికారం 59ఎ నిబంధన ఎన్నికల సంఘానికి ఇచ్చింది. 2004 లోక్‌సభ ఎన్నిక నాటికి దేశమంతా మిషన్లు వచ్చాయి. అందులో కొన్ని మన హైదరాబాదు ఈసీఐఎల్ సరుకే. మిషన్ వచ్చింది, మందు పోయింది. మిషన్లను ఒకదానికొకటి తగిలించి 14 బూత్‌ల మొత్తం ఒక్కసారే చూపించే టోటలైజర్‌ను ఎన్నికల సంఘం 2008లోనే అడిగింది. పేరు నోరు తిరగదు గానీ, లెక్కలు కలిపే పెట్టె, అంతే. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో అది కావాలంది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. బూత్‌వారీ లెక్క తెలిస్తే ఎక్కడ బాగా పనిచేశామో పార్టీలకు తెలుస్తుందని వాదన. ఎక్కడ ఎవర్ని పట్టాలో కూడా తెలుస్తుంది, ఆ మాట మాత్రం అనరు.

ఒక తమ్ముడు మొన్న అడిగాడు. బూత్‌వారీ లెక్క పోతే దొంగతనం జరిగినా తెలియదు కదా అని. మంచి ప్రశ్న. 17సి లో ఉండేది మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయన్న అంకె. 14 బూత్‌ల 17సి లు కూడితే పెట్టె చూపిన మొత్తంతో సరిపోవాలి. సరిపోకపోతే అప్పుడే పట్టుకోవచ్చు. ప్రతి శాసనసభ సెగ్మెంటులో ఐదు బూత్‌ల వీవీప్యాట్ చీటీలు లెక్కపెట్టాలని 2019లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం కూడా ఉంది. ఆ ఐదింటి లెక్క బయటపడకుండా ఎట్లా చెయ్యాలన్నది ఇంకా ఆలోచించాల్సిందే. మరొకరు, మన ఓటు బలం ఎంతో పార్టీలకు తెలియాలి కదా, దాచుకుంటే బేరమెట్లా అన్నారు. బలం చూపించాలంటే సభ పెట్టి చూపిద్దాం, ఊరేగి చూపిద్దాం. దళారి చేతిలో అంకెగా మారింది మన బలం కాదు, వాడి సరుకు.

ఇందులో ఒక చిక్కుముడి ఉంది, అది దాచడం న్యాయం కాదు. బూత్ ఊరి నడిబొడ్డున బడిలో ఉంటే, ఓటుకు పోవాలంటే వాళ్ళ వీధులగుండా, వాళ్ళ అరుగులముందు నుంచి పోవాలి. అందుకే వాడలోనే బూత్ కావాలని ఏళ్ళ తరబడి అడిగాం. కొన్నిచోట్ల వచ్చింది కూడా. ఆడవాళ్ళు ధైర్యంగా, నవ్వుకుంటూ పోయి ఓటేశారు. కానీ బూత్ మనదయ్యేసరికి లెక్క కూడా మన ఒక్కళ్ళదే అయింది. ఊరితో కలిసి ఉన్నప్పుడు దాగిన ఓటు, విడిపోగానే బయటపడింది. అట్లాగని బూత్‌ను మళ్ళీ ఊళ్ళోకి పంపుదామా? వద్దు. నడిచేదారి భయమూ పోవాలి, లెక్కింపు భయమూ పోవాలి. బూత్ వాడలో, లెక్క పద్నాలుగింటితో కలిపి. రెండూ ఒకే అర్జీలో అడగాలి. ఇంతకాలం మనం సగమే అడిగాం.

ఆ పెట్టె వచ్చేదాకా మన చేతిలో ఉన్నది ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. 1989 చట్టాన్ని 2015లో సవరించారు. ఓటు వెయ్యొద్దని గానీ, ఫలానావాడికే వెయ్యమని గానీ బెదిరించడం నేరమని మొదటినుంచీ ఉంది. సవరణతో ఇంకో మాట చేరింది. పోలింగ్ తర్వాత కొట్టినా, సాంఘికంగా ఆర్థికంగా బహిష్కరించినా, బహిష్కరిస్తామని బెదిరించినా, ప్రభుత్వ సేవలు అందకుండా అడ్డుపడినా 3(1)లోని ఎన్ కింద నేరం. ఓటు వేసినందుకు, వెయ్యనందుకు కక్షతో ఏ నేరం చేసినా ఓ కింద నేరం. పోలింగ్ అయిన రోజునుంచి నోటుబుక్కులో తేదీవారీగా రాయండి. ఎవరు ఏమన్నారు, ఎవరిని పనినుంచి మాన్పించారు, ఎవరు విన్నారు. తేదీ లేని ఫిర్యాదును స్టేషన్లో పక్కన పడేస్తారు.

పోలింగ్ కేంద్రాల ముసాయిదా ప్రకటించినప్పుడు అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువిస్తారు. అది కొద్దిరోజులే. ఈలోపు అర్జీ సిద్ధంగా ఉండాలి. వాడలో ఓటర్లెందరు, బూత్ ఎంత దూరం, ఏ వీధిగుండా పోవాలి, వెనక ఎప్పుడైనా గొడవ జరిగిందా, అన్నీ అందులో రాయాలి. బెదిరింపుకు లోనయ్యే వాడలను ముందే గుర్తించమని ఎన్నికల సంఘం కింది అధికారులకు చెప్పే ఉంది. మన వాడ ఆ లెక్కలో ఉందో లేదో అడగండి.

మాటలు చాలు. తెచ్చిన జాబితాలు బయటికి తీయండి. చదువొచ్చిన పిల్లలు ఇటొచ్చి ముందు కూర్చోండి. ఒక్కొక్క వాడ పేరు పిలిచి, ఇంటి నంబరు వరసన గట్టిగా చదువుతాం. చచ్చిపోయినవాళ్ళ పేరొస్తే చెప్పండి. ఉన్నవాళ్ళ పేరు రాకపోతే చెయ్యెత్తండి, ఫారం 6 లు ఈ సంచిలో ఉన్నాయి.