కత్తి పెట్టని చర్మపరీక్ష: అంగిలి నుంచి అరికాలి దాకా

చర్మం మీది అనుమానాస్పదమైన మచ్చ క్యాన్సరా కాదా అన్నది తేల్చడానికి, అక్కడి నుంచి చిన్న ముక్క కోసి సూక్ష్మదర్శినిలో చూడటమే నేటికీ ప్రమాణంగా నిలిచిన పద్ధతి. దానికి బయాప్సీ అనే పేరు 1879లో పెట్టిన ఎర్నెస్ట్ బెస్నియే ఫ్రెంచి చర్మవైద్యుడే. జనం ముక్క పరీక్ష అని పిలిచే ఈ పద్ధతిలో మత్తుసూది, కోత, కొన్నిసార్లు కుట్టు తప్పవు కనుక రోగి జంకుతాడు, ఆ జంకువల్ల ఆలస్యం జరుగుతుంది. కత్తి లేకుండా నమూనా తీసే మార్గాన్ని వైద్యులు వెదకడానికి ఇది ఒక ప్రధాన కారణం.

ఆ వెదుకులాటలో మొదటి మెట్టు గీకుడు. గర్భాశయ ముఖద్వారం నుంచి రాలే కణాలను పరీక్షించి క్యాన్సర్‌ను గుర్తించవచ్చని జార్జ్ పాపనికొలావ్ చూపగా, చర్మపు పుండు అడుగును గీకి, ఆ కణాలకు రంగు పట్టించి చూసే పద్ధతిని ఆర్నో జాంక్ 1947లో వివరించాడు. రెండింటిలోనూ వైద్యుడు చదివేది కణం ఆకారాన్నే.

తెలుగునాట ఈ చరిత్ర చర్మంతో గాక, దానికి దాయాది అయిన నోటి లోపలి పొరతో మొదలవుతుంది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను నిప్పు నోటిలోపల ఉండేలా పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఆడవారిలో ఎక్కువ. అంగిలికి నేరుగా సెగ తగలడంవల్ల అక్కడ క్యాన్సర్ పుడుతున్న సంగతి 1930లలోనే విశాఖపట్నం వైద్యుల దృష్టికి వచ్చింది. బొంబాయి టాటా స్మారక ఆస్పత్రికి చెందిన వి.ఆర్. ఖానోల్కర్ 1945లో సూర్యాబాయితో కలిసి ప్రచురించిన వ్యాసంలో ఈ చుట్ట క్యాన్సర్‌ను, ధోవతి బిగించి కట్టే నడుము దగ్గర చర్మానికి వచ్చే క్యాన్సర్‌ను పక్కపక్కనే నిలిపాడు. వ్యాధి ఎక్కడ పుడుతుందో అలవాటే నిర్ణయిస్తుందన్న ఆ దృష్టికి రావలసినంత పేరు రాలేదు. 1971లో ప్రచురించిన అధ్యయనంలో పరిశోధకులు పిండ్‌బోర్గ్, మెహతా, వారి సహచరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి, అంగిలి మార్పులకూ అడ్డపొగకూ ఉన్న సంబంధాన్ని విస్తృతంగా నమోదు చేశారు. ఆ తర్వాత అదే జిల్లాలో ఇంటింటికీ వెళ్లి నోరు పరీక్షించడం, పొగాకు మానమని బోధించడం కలిపి నడిచాయి. అంగిలి తెరిచిన నోటిలో కంటికి కనిపించే చోటు గనుక, మొదటి వడపోతకు శిక్షణ పొందిన కన్ను చాలింది.

చర్మం విషయంలో మలుపు అంటుపట్టీతో వచ్చింది. చర్మపు పైపొరను జిగురుపట్టీతో పొరలుపొరలుగా ఊడదీయడాన్ని హెర్మన్ పింకస్ 1951లో నిశితంగా అధ్యయనం చేశాడు. అరవై ఏళ్లు గడిచేలోగా ఆ పట్టీకి అంటుకున్న పొరల నుంచి జీవసూచికలను, అంటే వ్యాధి ఉనికిని పట్టిచ్చే అణువులను, వెలికితీయడం సాధ్యమైంది. వాటిలో ముఖ్యమైనది ఆర్‌ఎన్‌ఏ. కణం తన జన్యువుల్లో వేటిని పనిలోకి దించిందో తెలిపే నకలు అది. అమెరికాలో డెర్మ్‌టెక్ అనే సంస్థ తెచ్చిన పరీక్షలో పుట్టుమచ్చ మీద పట్టీలు అంటించి తీసి, పీఆర్‌ఏఎంఈ, లింక్ 00518 అనే రెండు జన్యువుల ఆర్‌ఎన్‌ఏ ఉందేమో చూస్తారు. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే ప్రాణాంతక క్యాన్సరైన మెలనోమాను అది నూటికి 91 సందర్భాల్లో పట్టిందనీ, మెలనోమా కాని మచ్చల్లో 69 శాతాన్ని సరిగా పక్కకు తప్పించిందనీ 2017 నాటి అధ్యయనం తెలిపింది. అంటే హాని లేని మచ్చలు నూరింటిలో 31కి అనవసరంగా అనుమానం అంటుకుంటుంది, వాటికి కత్తి తప్పదు. విజ్ఞానం నిలిచినా వ్యాపారం నిలవలేదు. ఆ సంస్థ 2024లో దివాలా రక్షణ కోరింది.

అసలు చిక్కు వేరే ఉంది. ఈ పరీక్ష అరచేతులకు, అరికాళ్లకు, గోళ్లకు, పుండుపడిన చోట్లకు వర్తించదు. తెల్లని చర్మం గలవారిలో మెలనోమా ఎక్కువగా ఎండ తగిలే చోట్ల వస్తే, ముదురు చర్మం గలవారిలో అది అరికాలిలోనో గోటికిందనో రావడం ఎక్కువ. 1981లో మరణించిన గాయకుడు బాబ్ మార్లేకు అది కాలిబొటనవేలి గోటికింద మొదలైంది. భారతీయుల్లో మెలనోమాయే అరుదు. ఇక్కడి చర్మ క్యాన్సర్లలో పాత కాలినమచ్చల మీద, ఏళ్లతరబడి మానని పుండ్ల మీద లేచేవీ ఉంటాయి. ఎవరి మచ్చల కోసం పట్టీ తయారైందో వారికే అది పనికివస్తుంది. ఉమ్మడి వరంగల్ జిల్లా పాలకుర్తి పొలాల్లో చెప్పులు లేకుండా నాట్లు వేసే పాదానికి అది ఇంకా చేరలేదు. ఆర్‌ఎన్‌ఏ చెడకుండా నమూనాను దూరపు ప్రయోగశాలకు పంపే ఖర్చూ చిన్నది కాదు. అంగిలి విషయంలో ఆచారాన్ని చూసి పరీక్షను మలిచిన శ్రీకాకుళం పద్ధతే ఇక్కడ అనుసరణీయం. అరికాలి మందమైన పొరకు తగిన పట్టీ, ముదురు చర్మం మీద సరిచూసిన సూచికలు ఈ నేల ప్రయోగశాలల నుంచే రావాలి.

అవి వచ్చేదాకా ఒక విన్నపం. అరికాలిలో కొత్తగా నల్లమచ్చ పెరిగినా, గోటిలో నల్లచార వెడల్పైనా, పుండు నెల దాటినా మానకపోయినా, పసరు మందులతో పొద్దు గడపకుండా వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి చర్మవ్యాధుల విభాగంలో చూపించుకోవాలి. వైద్యుడు ముక్క పరీక్ష అడిగితే వెనుకాడవద్దు.