పేపరు మూలన మన సర్వే నంబరు
(సంఘం శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పేపరు చేతికి రాగానే మనం ముందు చూసేది ఖమ్మం యార్డులో మిర్చి జెండా పాట. జిల్లా పేజీలో చీమల బారులా ఊరి పేరు, సర్వే నంబర్లు, ఎకరాలు, గుంటలు వేసిన ప్రకటన ఉంటే పేజీ తిప్పేస్తాం. పొలం పోతుందన్న కబురు మొదట వచ్చేది అక్కడే.

ఖమ్మం–దేవరపల్లి గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు సంగతే చూడండి. వైరా, కల్లూరు, సత్తుపల్లి వైపు భూములు దాని కింద పోయాయి. జాతీయ రహదారులకు 1956 నాటి చట్టం వాడతారు. 3ఎ నోటిఫికేషన్ కేంద్ర గెజిట్‌లో వస్తుంది. దాని సారాంశం రెండు స్థానిక పత్రికల్లో వేయాలి, ఒకటి తెలుగుది. అభ్యంతరానికి గడువు 21 రోజులు. మెలిక ఇక్కడే ఉంది: ఆ రోజులు లెక్కేసేది గెజిట్ తేదీ నుంచి, పేపర్లో పడ్డ తేదీ నుంచి కాదు. గెజిట్ మనలో ఎవరింటికి వస్తుంది? కాబట్టి ప్రకటన కనపడగానే అందులో గెజిట్ తేదీ వెతకండి. ఈ దశలో ధర గురించి రాస్తే లాభం లేదు. పరిహారం క్లెయిములకు 3జి కింద మళ్లీ రెండు పత్రికల్లో వేరే ప్రకటన వేస్తారు.

మిగతా ప్రాజెక్టులకు వర్తించే 2013 భూసేకరణ చట్టం కొంత నయం. పత్రికలతోపాటు పంచాయతీ, తహసీల్దార్ ఆఫీసుల్లో తెలుగులో నోటీసు పెట్టాలి, గడువు 60 రోజులు. నోటీసులోని విషయం చెప్పడానికే ప్రత్యేకంగా గ్రామసభ పిలవాలి. ఏజెన్సీలో అయితే ముందుగా గ్రామసభ సమ్మతి తీసుకోవాలి.

దుమ్ముగూడెం, చర్ల అడవి అంచున ఉన్న గూడేలను తలచుకోండి. పేపరు చేరని చోట, ఇంట్లో కోయ మాట్లాడే చోట, 'రెండు పత్రికల్లో వేశాం' అంటే ఆఫీసు ఫైలు నిండుతుందేమో గానీ గూడేనికి కబురు అందినట్టు కాదు. అక్కడ గ్రామసభే అసలు నోటీసు. అది జరగకపోతే జరగలేదని రాతపూర్వకంగా పెట్టాలి.

ఇంకో మాట. కౌలుదారు, పోడు సాగుదారు పేర్లు పట్టాదారు జాబితాలో కనపడవు. పేరు లేదని ఊరుకోకండి. 2013 చట్టం మూడేళ్లుగా అక్కడ సాగు మీద బతికే కౌలుదారును కూడా బాధిత కుటుంబంగానే లెక్కిస్తుంది.

ప్రతి గ్రామ కమిటీ ఒక పుస్తకం పెట్టుకోవాలి. జిల్లా పేజీ ప్రకటన కత్తిరించి అంటించి, పక్కన గెజిట్ తేదీ, గడువు తేదీ రాయాలి. సర్వే నంబర్లు అదే రోజు సాయంత్రం రచ్చబండ దగ్గర పైకి చదవాలి. అభ్యంతరం రెండు కాపీలు రాసి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని తెచ్చుకోండి.