పొరుగింటి పత్రికలో మన మాట

(కంప్లిలో మన సంఘము ఉగాది సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



ఈ సభలో నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు కోరినప్పుడు, పంచాంగమును గూర్చి, పండుగ విశిష్టతను గూర్చి చెప్పగల పెద్దలు వేదికమీద ఉండగా మేము వేరొక సంగతి ఎత్తుకొంటామని మనవి చేశాము. వారు దయతో ఒప్పుకొన్నారు. ఆ సంగతి ఇది: మనవారు వ్రాసిన వ్యాసములు, కథలు ఇతరుల పత్రికలలో చోటు సంపాదించుకొనుట ఎట్లు?

ఇది పేరుకోసము పడే తాపత్రయమని కొందరు అనవచ్చును. కాదు. కారణము చెబుతాము. తుంగభద్ర ఆనకట్టకు 1945లో పునాది పడింది. 1953లో కాలువలకు నీరు వచ్చింది. ఆ ఏడే అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడి, పాత బళ్లారి జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు పోగా, బళ్లారి, హొసపేటలతోపాటు మన కంప్లి మైసూరు రాష్ట్రమున చేరింది. నీరు వచ్చిన భూములకు కృష్ణా, గోదావరి, గుంటూరు ప్రాంతముల రైతులు తరలివచ్చి, నదికి రెండువైపులా క్యాంపులు వేసుకొన్నారు. ఆ మొదటి తరమువారు ఒక్కొక్కరుగా వెళ్లిపోతున్నారు. వారి మనుమలు, మునిమనుమలు కన్నడ బడిలో చదువుకొంటున్నారు. తాతకు కన్నడము చదువ రాదు. మనుమనికి తెలుగు చదువ రాదు. ఇద్దరి నడుమ ఉన్నది నోటిమాట ఒక్కటే. అది తాతతోనే పోతుంది. అచ్చులో పడినది నిలుస్తుంది.

అచ్చు కావలెనంటే మన ఉగాది సంచిక ఉన్నది గదా అంటారు. ఉన్నది, సంతోషము. అందులో మనమే వ్రాస్తాము, మనమే చదువుకొంటాము. అది ఇంటిలోని దీపము. ఇల్లు వెలుగుతుంది గాని వీధిలో పోయేవానికి దారి కనబడదు. మన బ్రతుకు సంగతి విజయవాడ చదువరికి తెలియదు. బెంగుళూరు చదువరికి అంతకన్న తెలియదు. వారికి తెలియవలెనంటే మన మాట వారు చదివే పత్రికలోకే పోవలెను. అక్కడ మనము అతిథులము. పిలువని పేరంటమునకు పోయినట్లు పోరాదు, పిలిపించుకొనేటట్లు పోవలెను.

పూర్వము ఇట్లు పోయినవారు లేకపోలేదు. గురజాడ అప్పారావుగారు ఇరవై ఏళ్ల యువకులై ఉండగా ఇంగ్లీషులో ‘సారంగధర’ అను కావ్యము వ్రాశారు. అది 1883లో ‘ఇండియన్ లీజర్ అవర్’ అను పత్రికలో వెలువడింది. కలకత్తాలో ‘రీస్ అండ్ రయ్యత్’ పత్రిక సంపాదకులు శంభుచంద్ర ముఖర్జీగారు దానిని చూచి తమ పత్రికలో మరల అచ్చువేశారు. అంతటితో ఊరకుండక, మీ మాతృభాషలో వ్రాయండని ఆ యువకుని ప్రోత్సహించారు. 1897లో ‘కన్యాశుల్కము’ అచ్చయింది. దూరదేశపు సంపాదకుడు ఒక అతిథికి చెప్పిన మాట మన భాషకు ఎంత మేలు చేసినదో చూడండి. పరుల పత్రికకు వ్రాస్తే మన భాష చిన్నబోతుందని జంకేవారు ఈ సంగతి గుర్తుంచుకోవలెను.

పాలగుమ్మి పద్మరాజుగారి ‘గాలివాన’ కథకు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రికవారి ప్రపంచ కథల పోటీలో రెండవ బహుమతి వచ్చింది. అందులో ఉన్నదేమిటి? ఒక రైలు ప్రయాణము, ఒక చిన్న స్టేషను, ఒక తుపాను రాత్రి, ఒక పెద్దమనిషి, ఒక ముష్టి మనిషి. న్యూయార్కువారికోసము న్యూయార్కును గూర్చి వ్రాయలేదు. మన చిన్న స్టేషనే అంత దూరము పోయింది.

ఇక దగ్గరి సంగతి. అనంతపురము జిల్లాలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1912లో మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించుటకు చేరి, మూడున్నర దశాబ్దములకు పైగా అక్కడే ఉన్నారు. తెలుగులో వ్రాశారు, కన్నడములోనూ వ్రాశారు. ఇరుగు పొరుగు భాషలవారు ఇద్దరూ వారిని మావారే అనుకొన్నారు. మన బళ్లారి రాఘవగారు తెలుగు రంగమున ఎంతవారో చెప్పనక్కరలేదు. వారు కన్నడములోనూ, ఇంగ్లీషులోనూ నాటకములాడారు. కన్నడమునకు జ్ఞానపీఠ బహుమానము తెచ్చినవారిలో 1973లో బేంద్రేగారి ఇంటిభాష మరాఠీ. 1983లో మాస్తిగారి ఇంటిభాష తమిళము. కాబట్టి కన్నడమువారి ఇంటిలో పరభాషవానికి పీట వేయరన్న మాట నిజము కాదు. పీట ఉన్నది. ఏమి పట్టుకొని వెళ్లుతున్నామన్నదే ప్రశ్న.

చుట్టపుచూపుగా వెళ్లేవాడు వట్టిచేతులతో వెళ్లడు. వాళ్ల పెరటిలో కాసిన అరటిపండ్లే కొని వాళ్లకు పట్టుకుపోడు. తన ఊరిలో దొరికేది, వారి ఊరిలో దొరకనిది పట్టుకుపోతాడు. పత్రికకు వ్రాయుటలోని కీలకమంతా ఇదే. ఉగాది వచ్చినదంటే షడ్రుచుల వేదాంతముమీద వ్యాసములు సంపాదకుని బల్లమీద గుట్టలు పడతాయి. అందులో మనదొకటి చేరితే దాని గతి చెప్పనేల? కాని కంప్లిలో ఒకే వీధిలో ఒక ఇంట బేవు బెల్లము నోట వేసుకొంటారు, పక్క ఇంట చింతపండు, మామిడిముక్క, మిరియము కలిపి పచ్చడి చేస్తారు. గోడమీదుగా గిన్నెలు మారుతాయి. ఈ సంగతి కన్నడ పత్రికకైనా కొత్తది, తెలుగు పత్రికకైనా కొత్తది. ఇది వ్రాయగలవారు ఈ సభలో కూర్చున్న అమ్మలే.

అట్లాగే కాలువలు. విజయనగర రాజుల నాటి కాలువలు రామసాగరము కాలువ, కంప్లి కాలువ, బెళగోడుహాళు కాలువ, సిరుగుప్ప కాలువ అని వరుసగా ఉన్నవి. హంపి శిథిలములను గూర్చి లోకమంతా వ్రాసింది. ఆ రాజుల నీటితో ఈనాడు వరి, చెఱకు పండించేవాని మాట ఎవరు వ్రాయవలెను? కోలాచలము శ్రీనివాసరావుగారు బళ్లారిలో ఉండి విజయనగర పతనమును నాటకముగా వ్రాశారు. తమ గుమ్మము ముందున్న కథనే వారు తీసుకొన్నారు.

సమయము కూడ చూడవలెను. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్టకున్న 33 గేట్లలో 19వ గేటు కొట్టుకొనిపోయింది. వారము దినములలో నీటి ప్రవాహములోనే తాత్కాలికముగా అడ్డుపలకలు దించి నీరు నిలిపారు. క్యూసెక్కుల లెక్క, టి.ఎం.సి.ల లెక్క విలేకరులు వ్రాయగలరు. కాని నాట్లు వేసి ఆకాశమువంక, కాలువవంక చూస్తూ కూర్చున్న ఇంటిలో ఆ వారము ఎట్లు గడిచినదో ఆ ఇంటివారే చెప్పగలరు. అటువంటి ఉత్తరము మూడవ నాటికి పత్రికకు చేరితే సంపాదకుడు కళ్లకద్దుకొంటాడు. మూడు నెలలకు చేరితే ఏమి చేసుకొంటాడు?

ఇక పద్ధతులు. మేము రైల్వేలో గుమాస్తా పని చేసేవారము గనుక ఆ భాషలోనే చెబుతాము. పార్శిలుమీద పంపేవాని పేరు, పుచ్చుకొనేవాని పేరు, చేరవలసిన స్టేషను స్పష్టముగా లేకపోతే, లోపల బంగారమున్నా సరే, ఆ మూట షెడ్డులో పడి ఉంటుంది. వ్యాసము సంగతీ అంతే.

మొదటిది: చేరవలసిన స్టేషను తెలియవలెను. ఏ పత్రికకు పంపదలచామో ఆ పత్రికను నాలుగు నెలలు చదవండి. ఏ శీర్షికలో బయటివారివి వేస్తున్నారు, ఎన్ని మాటలలో వేస్తున్నారు చూడండి. ఒక పేజీ శీర్షికకు పది పేజీలు పంపితే, కోసుకొనే ఓపిక వారికి ఉండదు.

రెండవది: ఒక వ్యాసమునకు ఒకే సంగతి. కాలువ, కాపురము, కులము, కూతురి పెండ్లి అన్నీ ఒక మూటలో కట్టరాదు. ఆ సంగతి ఏమిటో మొదటి నాలుగైదు వాక్యములలో తెలియవలెను. ‘అనాదిగా మానవుడు’ అని ఎత్తుకొంటే మన ఊరు వచ్చేసరికి సంపాదకుడు వేరొక కాగితము తీసుకొంటాడు.

మూడవది: సంవత్సరములు, పేర్లు, కొలతలు సరిచూచుకోవలెను. తాత చెప్పిన సంవత్సరమును పాత పట్టాకాగితముతో పోల్చండి. ఒక తప్పు దొరికితే తక్కిన నిజములను కూడ నమ్మరు.

నాలుగవది: వెంట ఒక చిన్న ఉత్తరము. మేము ఫలానా, ఫలానా సంగతి, ఇన్ని మాటలు, ఈ సంగతి మాకు ఇట్లు తెలుసును: ఇంతే. ప్రాధేయపడనక్కరలేదు, సిఫారసు అక్కరలేదు. తెలుగు పత్రికలవారు హామీపత్రము అడుగుతారు: ఇది మా సొంత రచన, అనువాదము కాదు, మరెక్కడా అచ్చుకాలేదు, మరెవరి పరిశీలనలోనూ లేదు అని. దానిని వట్టి తంతుగా తలచరాదు. ఒకే పిల్లను ఇద్దరికి చూపి ఇద్దరితోనూ తాంబూలములు పుచ్చుకొన్నట్లు, ఒకే కథను రెండు పత్రికలకు పంపరాదు. అనువాదమైతే అనువాదమనే చెప్పి పంపవలెను. నేడు చాలామంది యూనికోడులో టైపుచేసి ఈ-మెయిలులో పంపమంటున్నారు. అది మన పిల్లలకు చేతనైన పని. ఉగాది, దసరా, దీపావళి ప్రత్యేక సంచికలకు రెండు మూడు నెలల ముందే పంపవలెను. ‘ప్రజావాణి’వారు దీపావళికి కథల పోటీ నడుపుతారు, మన కన్నడ బడి పిల్లలు అటువైపు చూడవలెను.

ఐదవది, అన్నిటికన్న ముఖ్యమైనది: సందట్లో సడేమియా అన్నట్లు వ్యాసము చివర మన ఎరువుల దుకాణము పేరు, మన బియ్యపు మిల్లు పేరు, మన నాయకుని పొగడ్త దూర్చరాదు. భోజనమునకు పిలిచిన ఇంటిలో విస్తరి ముందు కూర్చొని చీటీపాట అడిగేవానిని రెండవసారి ఎవరు పిలుస్తారు? వ్యాసము బాగుంటే క్రింద ఉన్న పేరు, ఊరు చాలును. మన దుకాణము వెదుక్కొని వచ్చేవాడు రానే వస్తాడు.

పంపినవెంటనే అచ్చవుతుందని లేదు. మేము వ్రాసిన వ్యాసమొకటి ఒక పత్రికవారివద్ద ఎనిమిది నెలలు ఏ జవాబూ లేక ఉండిపోయింది. అలిగితే లాభము లేదు. నెమ్మదిగా ఒక ఉత్తరము వ్రాసి, వాపసు తీసుకొంటున్నామని తెలిపి, మరొకరికి పంపాము, వారు వేసుకొన్నారు. నకలు దగ్గర ఉన్నది గనుక ఆ పని సాగింది. తిరిగివచ్చిన వ్యాసము చెడ్డదని అనుకోరాదు. బండి తప్పినదని అనుకోవలెను. అచ్చువేసినవారు పేరు మార్చినా, రెండు పేరాలు తగ్గించినా, నిజము చెడనంతవరకు ఓర్చుకోవలెను. సొంత ఇంటిలో ఉప్పు చాలదనవచ్చును, పొరుగింట అనరాదు.

ఒకటి మాత్రము మరువరాదు. అతిథిగా పోవువానికి తన ఇల్లు కూడ ఉండవలెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో వలసవచ్చిన తెలుగువారి నడుమనే 1908లో ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా ప్రారంభించారు. 1914లో అది మద్రాసు చేరి దినపత్రిక అయింది. 1924లో ‘భారతి’ మాసపత్రిక వెలువడింది. ‘భారతి’ 1991లో ఆగిపోయినా, దానిలో వ్రాసి పెద్దలైనవారి పేర్లు ఆగిపోలేదు. కనుక మన సంచిక మన పిల్లలకు చేయి తిరిగే చోటు కావలెను. పొరుగు పత్రిక ఆ చేతి పని చూపే చోటు కావలెను.

కడపట ఒక ప్రతిపాదన. ఈ ఏడాదిలో ప్రతి క్యాంపునుండి ఒక తాతనో, అమ్మమ్మనో, కన్నడము బాగా వచ్చిన ఒక విద్యార్థినో విద్యార్థినినో జతచేద్దాము. పెద్దలు తెలుగులో చెబుతారు. పిల్లలు విని కన్నడములో వ్రాస్తారు. అదే సంగతిని తెలుగు వచ్చినవారు తెలుగులో వేరుగా వ్రాస్తారు. కన్నడ లిపి వచ్చిన పిల్లకు తెలుగు లిపి నేర్చుకొనుట కష్టము కాదు, అక్షరములు అక్కచెల్లెండ్రవంటివి. అందుచేత తాత మాట తెలుగులో ఎట్లున్నదో చూడవలెనన్న కోరికతో పిల్లలు మన చదువునకు వస్తారని మా ఆశ. పదిమంది పంపితే ఇద్దరివే వేస్తారేమో, వేయనీయండి. ఆ ఇద్దరు తాతల మాటైనా మిగులుతుంది. తక్కిన ఎనిమిది వ్యాసములకు మన సంచిక ఉండనే ఉన్నది.

పేర్లు ఇవ్వదలచినవారు ఈ సభ ముగిసిన తరువాత కార్యదర్శిగారివద్ద వ్రాయించవలెనని కోరుతున్నాము. మొదట పెద్దవారి పేర్లు వ్రాయించండి; వారికే వ్యవధి తక్కువ.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు. సెలవు.